ఆఖరి రోజుకు కూడా ఒక లెక్క ఉంది

సంపాదకులకు నమస్కారం.

యూరప్ గ్రూప్ టూర్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. వీసా, బీమా, చలి బట్టల గురించి వివరంగా రాసి, చివరి రోజు దగ్గరకొచ్చేసరికి ‘విశ్రాంతి, తిరుగు ప్రయాణం’ అని రెండు మాటల్లో ముగించారు. ఏజెన్సీల కరపత్రాల్లోనూ ఇదే తంతు. బార్సిలోనా పక్కనున్న సిట్జెస్ లాంటి సముద్రపు ఊళ్లో టూర్ ముగిసినప్పుడు ఆ రెండు మాటల వెనక ఎంత పని ఉంటుందో, ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో రాస్తున్నాం. ఈ వేసవికి బయల్దేరేవాళ్లకు పనికొస్తుంది.

సిట్జెస్ బార్సిలోనాకు నైరుతిగా 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. విమానాశ్రయం ఆ దారిలోనే వస్తుంది కాబట్టి చివరి మజిలీగా ఈ ఊరిని ఎంచుకోవడం తెలివైన పనే. హైదరాబాద్‌కు నేరుగా విమానం లేదు గనుక దుబాయ్, దోహా, అబుదాబీల మీదుగా రావాలి. ఉదాహరణకు 30 మంది బృందం, రాత్రి 10 గంటల విమానం అనుకుందాం. అందరూ చేసే పొరపాటు ఒకటే: ‘రాత్రి కదా ఫ్లైటు, పగలంతా బీచ్‌లోనే’ అనుకోవడం. హోటల్ గది మాత్రం 11కో 12కో ఖాళీ చేయాలి. ఆ తర్వాత సముద్రంలో దిగితే ఉప్పునీళ్లతో, ఇసుకతో తిరిగొచ్చిన 30 మందికి స్నానం ఎక్కడ? ఏజెన్సీ బతిమాలితే హోటల్ వాళ్లు రెండు గదులు ఇస్తారు. మనిషికి పది నిమిషాలు వేసుకున్నా రెండు బాత్‌రూముల్లో 30 మంది తెమలడానికి రెండున్నర గంటలు. పిల్లలుంటే, పొడుగు జడలుంటే మూడు. అక్కడే మొదలవుతాయి అరుపులు. బీచ్‌లో షవర్లు ఉన్నా అవి ఒళ్లు తడుపుకోవడానికే, సబ్బు వాడనివ్వరు. బార్సిలోనా, సిట్జెస్ ఉన్న కాటలోనియా ప్రాంతంలో కరువొచ్చినప్పుడు వాటిని కట్టేసిన రోజులూ ఉన్నాయి.

అందుకే ఆఖరి సముద్ర స్నానం పొద్దున్నే, టిఫిన్‌కు ముందే అయిపోవాలి. మే నెలాఖరులో అక్కడ ఆరున్నరకల్లా తెల్లవారుతుంది. గాలి కూడా పొద్దున తక్కువ. మధ్యాహ్నం నైరుతి నుంచి వీచే గాలిని అక్కడివాళ్లు ‘గర్బీ’ అంటారు, అది మొదలైతే అలలు పెరుగుతాయి. ఏడుంపావుకు దిగి ఎనిమిదిన్నరకు పైకొస్తే ఎవరి గదిలో వాళ్లు స్నానం చేసి, టిఫిన్ తిని, 11 లోపు పెట్టెలు కిందికి దించొచ్చు. ఆ వేళకు కాపలా సిబ్బంది ఉండరు కాబట్టి నడుము లోతు దాటకూడదు. ఇంకో మాట, విశాఖ సముద్రాన్ని ఊహించుకుని దూకేయకండి. మేలో అక్కడి నీళ్లు 17, 18 డిగ్రీలే ఉంటాయి. ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు, మెడ, ఛాతీ తడుపుకుంటూ నెమ్మదిగా దిగాలి. పెద్దవాళ్లకు పది నిమిషాలు చాలు. ఆగస్టులో అయితే 25 దాకా ఉంటుంది, ఆ బెడద లేదు.

బట్టల సంగతి. మనవాళ్లు కాటన్ టీషర్టు, కాటన్ పైజామాతో సముద్రంలోకి దిగుతారు. కాటన్ నీళ్లు పీల్చుకుంటుంది, నేతలో ఇసుక ఇరికించుకుంటుంది, సాయంత్రం దాకా ఆరదు. సింథటిక్‌వి ఎండలో మూడు గంటల్లో ఆరిపోతాయి. తడిబట్టను పొడి తువ్వాల మీద పరిచి, రెండింటినీ చాపలా చుట్టి, ఆ చుట్ట మీద మోకాలు పెట్టి నొక్కితే సగం నీళ్లు తువ్వాలకు వెళ్లిపోతాయి. పిండితే నేత సాగుతుంది కానీ అంత నీరు పోదు. తువ్వాలు మాత్రం హోటల్‌ది వాడండి. మీ సొంతది తడిపి పెట్టెలో పడేస్తే విమానంలో పెట్టె బరువు లెక్క తప్పుతుంది. కాళ్లకంటిన ఇసుకకు నీళ్లకంటే టాల్కం పౌడరే మందు. చల్లి అరచేత్తో తుడిస్తే పొడిగా రాలిపోతుంది. పెట్టె జిప్పులోకి, చక్రాల్లోకి ఇసుక, ఉప్పు చేరితే ఇంటికొచ్చాక నెలకల్లా జిప్పు పట్టేస్తుంది. గుర్తుగా ఉంటుందని ఇసుక, గులకరాళ్లు సీసాలో నింపుకొచ్చే అలవాటు కొందరికి ఉంది. స్పెయిన్ తీర చట్టం ప్రకారం అది నిషేధం.

అన్నిటికంటే పెద్ద ముప్పు వేరే ఉంది. మామూలు రోజుల్లో పాస్‌పోర్టు గది లాకర్లో ఉంటుంది. ఆఖరి రోజు గది ఉండదు కాబట్టి పాస్‌పోర్టు, మిగిలిన యూరోలు, నగలు అన్నీ ఒకే చేతిసంచిలోకి చేరి, ఆ సంచి ఇసుక మీదికి చేరుతుంది. అందరూ కలిసి ఫొటో కోసం నీళ్ల దగ్గరకు వెళ్తారు. దొంగకు కావాల్సింది ఆ రెండు నిమిషాలే. పాస్‌పోర్టులన్నీ హోటల్ రిసెప్షన్ సేఫ్‌లో పెట్టించి, బస్సెక్కే ముందు పేరు పిలిచి ఇవ్వడం టూర్ మేనేజర్ పని. పాస్‌పోర్టు పోతే ముందు అక్కడి పోలీసుల దగ్గర, అంటే ‘మోసోస్’ ఠాణాలో, ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోవాలి. ఆ కాగితంతో బార్సిలోనాలోని భారత కాన్సులేట్‌కు వెళ్తే తిరుగు ప్రయాణానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేయొచ్చు. కాన్సులేట్ 2024లో మొదలైంది, అంతకుముందు మాడ్రిడ్ దాకా పోవాల్సి వచ్చేది. శని, ఆదివారాల్లో ఆఫీసు ఉండదు. కాబట్టి టూర్ ముగింపు ఆదివారం పడకుండా చూసుకోవడం మంచిది. ఏజెన్సీలు చౌక టికెట్టు చూస్తాయే తప్ప వారం చూడవు.

పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎండలో తిప్పకండి. సముద్రం పక్కనే కావ్ ఫెర్రాట్ మ్యూజియం ఉంది. చిత్రకారుడు శాంటియాగో రుసిన్యోల్ ఇల్లు అది. 1894లో పారిస్‌లో తాను కొన్న, పాతకాలపు చిత్రకారుడు ఎల్ గ్రెకో గీసిన చిత్రాలు రెండింటిని ఆయన ఈ ఊళ్లో ఊరేగింపుగా తెచ్చాడు. అవి ఇప్పటికీ ఆ గోడల మీదే ఉన్నాయి. లోపల చల్లగా ఉంటుంది, సోమవారం సెలవు.

భోజనం దగ్గర లెక్క తప్పితే రోజంతా తప్పుతుంది. స్పెయిన్‌లో వంటిల్లు ఒంటిగంటకు గానీ వేడెక్కదు, నాలుగింటికి మూసేస్తే మళ్లీ రాత్రి ఎనిమిదికే. అన్నంతో చేసే అక్కడి వంటకం పాయెయ్యాను ఆర్డరిచ్చాకే వండుతారు, కనీసం అరగంట. 30 మందికి అప్పటికప్పుడు చెబితే గంటన్నర. పొద్దున టిఫిన్ అయ్యాక ఫోన్ చేసి ఎన్ని చేపలవి, ఎన్ని కూరగాయలవి అని చెప్పేయాలి. శాకాహారులు ఒక ప్రశ్న తప్పక అడగాలి: అన్నం ఉడికించిన రసం దేనిది? పైన కూరగాయలే కనిపించినా కింద చేపల రసమో కోడి రసమో ఉండొచ్చు. పచ్చి సలాడ్ మీద ట్యూనానో హ్యామ్ ముక్కలో చల్లి, అది వెజిటేరియనే అంటారు కూడా. ‘సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ కాల్దో’ అంటే మాంసం, చేప, రసం ఏవీ వద్దని. పళ్లెం అడుగున గోధుమ రంగులో పట్టిన పొరను ‘మాడింది’ అని వెనక్కి పంపకండి. ‘సొకర్రాత్’ అనే ఆ అడుగు కోసమే అక్కడివాళ్లు గరిటెతో పోటీ పడతారు. మన ఇళ్లల్లోనూ కుండ అడుగున పట్టిన దానికి పిల్లలు ఎగబడతారు కదా!

బస్సు గురించి. డ్రైవర్ మంచివాడైనా ‘ఇంకో అరగంట ఆగు బాబూ’ అంటే కుదరదు. యూరప్ నిబంధనల ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం, రోజుకు 11 గంటల విశ్రాంతి తప్పనిసరి. వారంలో మూడుసార్ల వరకు దాన్ని తొమ్మిదికి తగ్గించుకోవచ్చు. బండిలోని యంత్రం అంతా రాసుకుంటుంది. ముందు రాత్రి ఫ్లమెంకో నాట్యం చూపించి 12కు దింపితే, మర్నాడు తొమ్మిది లోపు ఆ బండి కదలదు. పాత ఊరి సందుల్లోకి కోచ్ రాదు, రాళ్ల దారి మీద పెట్టెలు ఈడ్చుకుంటూ నడవాలి. దానికి పావుగంట. గర్రాఫ్ కొండల కింద సొరంగాల్లోంచి పోయే టోల్ రోడ్డు పట్టుకుంటే విమానాశ్రయం అరగంట. టోల్ మిగుల్చుకుందామని కొండ అంచు రోడ్డులో వెళ్తే మలుపులకు సగం బస్సు వాంతులే. సొంతంగా వెళ్లే నలుగురైదుగురు విద్యార్థులైతే ఆర్2 సుద్ రైలెక్కి ఎల్ ప్రాట్‌లో దిగి విమానాశ్రయం రైలుకు మారాలి. అది రెండో టెర్మినల్ దగ్గరే ఆగుతుంది. గల్ఫ్ విమానాలు ఒకటో టెర్మినల్ నుంచి. మధ్యలో ఉచిత బస్సు ఉంది, దానికో పావుగంట కలుపుకోండి.

కాబట్టి ఐదింటికి బస్సు, ఐదున్నరకు విమానాశ్రయం. అంత ముందెందుకంటారా? అక్కడ కొని ఇంటికి తెచ్చే వస్తువుల మీద కట్టిన పన్ను వాపసు కోసం. స్పెయిన్‌లో కనీస కొనుగోలు పరిమితి లేదు, 21 శాతం పన్నున్న ఏ వస్తువుకైనా అడగొచ్చు. కొన్నప్పుడే పాస్‌పోర్టు చూపించి ‘దివా’ ఫారం రాయించుకోవాలి, తర్వాత బిల్లు పట్టుకెళ్తే ఇవ్వరు. విమానాశ్రయంలో పెట్టెలు అప్పగించకముందే దివా యంత్రంలో స్కాన్ చేయాలి. వస్తువు చూపించమంటే చూపించాలి. పెట్టె బెల్టు మీద వెళ్లిపోయాక గుర్తొచ్చి లాభం లేదు. హోటల్, భోజనం బిల్లులకు ఇది వర్తించదు. జర్మనీలో చదువుకుంటూ బృందంలో కలిసిన మన పిల్లలకూ రాదు, వాళ్లు యూరప్ నివాసులు.

వీసాలో ‘ఉండదగిన రోజులు’ లెక్కించేటప్పుడు వచ్చిన రోజు, వెళ్లే రోజు రెండూ చేరతాయి. చెల్లుబాటు తేదీకి 15 రోజులు అదనంగా ఇచ్చినంత మాత్రాన రోజుల సంఖ్య పెరగదు. 2025 అక్టోబర్ నుంచి వేలిముద్రలు, ముఖచిత్రంతో కంప్యూటర్ లెక్క మొదలైంది కాబట్టి ఒక రోజు ఎక్కువైనా అదే చూపిస్తుంది. విమానం రద్దయితే ఎయిర్‌లైన్స్ నుంచి కాగితం రాయించుకుని దాచుకోండి.

హోటల్ బిల్లు దగ్గర ఇంకో చిన్న గొడవ ఉంటుంది. కాటలోనియా పర్యాటక పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని విడిగా కట్టాలి. ఏడు రాత్రులు దాటాక మిగతా రాత్రులకు ఉండదు, 16 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకు లేదు. అది ప్యాకేజీలో కలిసిందో లేదో ఏజెన్సీ ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

ఆలివ్ నూనె సీసా, సన్‌స్క్రీన్, మిగిలిపోయిన ఆవకాయ డబ్బా, మూడూ పెద్ద పెట్టెలోకే. ఆవకాయ ద్రవం కాదని సెక్యూరిటీ దగ్గర వాదించి గెలిచినవాళ్లు లేరు. పవర్ బ్యాంక్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

ఇట్లు,
గ్రూప్ టూర్లు నడిపే మేనేజర్లు, సికింద్రాబాద్