రెండో హార్డ్ డిస్క్ పని ఎందుకు ఆపామంటే

మా కంప్యూటర్ షాపులో ఇంటి కంప్యూటర్లకు రెండో హార్డ్ డిస్క్ వేయడం ఈమధ్య ఆపాం. ఫోన్ చేసినవాళ్లకు మా కుర్రాళ్లు "స్టాక్ లేదన్నా" అని మాత్రమే చెప్పారు. ఎందుకు లేదో నేనే చెప్పాలి.

ఏళ్ల తరబడి మాకు సరుకు ఇస్తున్న హోల్‌సేల్ డీలర్ ఈసారి కొత్తవని పంపిన డిస్కులు వాడినవి. సీల్ కవర్లోనే వచ్చాయి, లేబుల్ నిగనిగలాడుతోంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే డిస్కును పరీక్షించే సాఫ్ట్‌వేర్లో చూస్తే నడిచిన గంటలు సున్నా. కానీ స్క్రూ రంధ్రాల చుట్టూ గుండ్రంగా ఒరుసుకున్న గుర్తులున్నాయి. కనెక్టర్ పిన్నుల మీద గీతలు ఫ్యాక్టరీ టెస్టులో పడ్డాయనుకుందాం, మరి స్క్రూ గుర్తులు ఎక్కడివి? పైకి కనిపించే ఆ గంటల లెక్కను చెరిపేయొచ్చు. కొన్ని డిస్కుల లోపల ఫార్మ్ అనే ఇంకో లాగ్, అంటే డిస్క్ తన పని తానే రాసుకునే చిట్టా, ఉంటుంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో అది తీసి చూస్తే 20,000 గంటలు దాటింది. ఏడాదికి 8,760 గంటలు. అంటే రెండేళ్లకు పైగా నడిచిన డిస్క్! 2025 మొదట్లో జర్మనీలో ఇలాంటి మోసమే బయటపడితే చదివి ఊరుకున్నాం, మన టేబుల్ మీదికే వచ్చింది.

డీలర్‌ని నిలదీస్తే "ఇంట్లో వాడేవాళ్లకేగా అన్నా, ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడటం లేదు. పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు దాచుకునేవాళ్లంటే అంత లోకువా?

లాటు వెనక్కి పంపితే డబ్బు ఇవ్వడట, క్రెడిట్ నోట్ ఇస్తాడట, అంటే ఆ విలువకు మళ్లీ అతని దగ్గరే సరుకు కొనుక్కోవాలి. వాడినవని చెప్పే సగం ధరకు అమ్మేయమంది మా ఆవిడ. దాచకుండా అమ్మితే తప్పేముందని ఆమె వాదన, అదీ నిజమే. దీని గురించి ఇంట్లో చాలా రాత్రులు మాట్లాడుకున్నాం. లెక్క చెరిపిన వస్తువు ఎన్నాళ్లు నడుస్తుందో నేను చెప్పలేను. చెప్పలేని దాని మీద మన షాపు స్టిక్కర్ అంటించలేను. ఒక్కటీ ఎవరికీ బిగించకుండా మొత్తం వెనక్కి పంపేశాను. క్రెడిట్ నోట్ వద్దన్నాను. డబ్బు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఇక అతని గడప తొక్కను.

ఇకనుంచి సరుకు కంపెనీ ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే తెస్తాం. రేటు కాస్త పెరుగుతుంది, ఫిట్టింగ్ చార్జి మాత్రం పెంచను. కవర్ మీ ముందే విప్పి, సీరియల్ నంబర్‌తో కంపెనీ సైట్లో వారంటీ చూపించాకే బిగిస్తాం. మీరు ఆన్‌లైన్లో కొని తెచ్చినదైనా ఇదే పద్ధతి.

మా దగ్గర ఇంతకుముందు వేయించుకున్నవాళ్లకు అనుమానం ఉంటే తీసుకురండి, ఉచితంగా చూస్తాం. వాడినదని తేలితే మా ఖర్చుతో కొత్తది వేసి డేటా ఎక్కించి ఇస్తాం. ఈలోగా ముఖ్యమైన ఫొటోలు బయట ఇంకోచోట కూడా పెట్టుకోండి. కంప్యూటర్లోని రెండు డిస్కులూ ఒకే ఎస్ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె) మీద నడుస్తాయి, అది కాలిపోతే రెండూ ఒకేసారి పోవచ్చు.

ఆదివారం ఉదయం కూడా షాపు తీసే ఉంటుంది. మానిటర్, కేబుళ్లు అక్కర్లేదు, సీపీయూ ఒక్కటి తెస్తే చాలు.