రోడ్డు వేసే ముందు మట్టిని నానబెట్టి చూడండి

మా ప్రాంత రోడ్ల ఇంజనీరు గారికి,

నమస్కారం. చెన్నై వేళచ్చేరిలోని మా వీధికి మళ్లీ తారు వేయబోతున్నారని తెలిసింది, సంతోషం. (తమిళ ప్రతిని మీ కార్యాలయంలో ఇచ్చాం, ఇది ఇక్కడి తెలుగువారూ చదవాలని.) అడగవలసింది ఒకటుంది. కింది మట్టికి సీబీఆర్ (కాలిఫోర్నియా బేరింగ్ రేషియో, అంటే నేల ఎంత భారం మోయగలదో చూసే) పరీక్ష చేయించారా? చేయిస్తే నానబెట్టి చేశారా, ఎండు మట్టికే కానిచ్చారా?

తేడా మీకు తెలియనిది కాదు, చదివేవారి కోసం చెబుతున్నాను. అచ్చులో కుదించిన మట్టిని 4 రోజులు నీళ్లలో ఉంచి, 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున దించుతారు. 2.5 మిల్లీమీటర్లు దిగడానికి ప్రామాణిక కంకర మీదయితే 1370 కిలోల భారం కావాలి. మన మట్టి అందులో ఎంత శాతం తట్టుకుంటుందో అదే సీబీఆర్. ఎండలో రాయిలా బిగిసే బంకమన్ను నానితే 2, 3 శాతానికి దిగజారవచ్చు. పళ్లికరణై చిత్తడి నేల పక్కనున్న ఊరికి, ఈశాన్య రుతుపవనాల వాన తినే ఊరికి, ఎండు లెక్క ఎందుకు?

నేల మెత్తబడితే పైన తారు ఎంత నిగనిగలాడినా చక్రాల దారిలో కుంగుతుంది. పాత పొర మీదే కొత్త పొర పరిచి రోడ్డు ఎత్తు పెంచితే నీళ్లు మా గుమ్మాల్లోకి వస్తాయి. అది మరో గొడవ.

మురుగు గొట్టాల కోసం తవ్వి పూడ్చిన చోట్ల తప్పక నమూనాలు తీయించండి. బలం చాలకపోతే మట్టిలో సున్నం కలిపించి గట్టిపరచండి. ఫలితాలనూ పొరల మందాన్నీ పనిచోట బోర్డు మీద రాయించండి.

ఇట్లు,
వేళచ్చేరి నివాసి