రంగం పెట్టె, రంగూను వీధులు

విశాఖపట్నం,
ఆదివారం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అటక దులుపుతుంటే మీ తాతగారి టేకు పెట్టె బయటపడిందనీ, మీ ఇంట్లో దాన్ని ఇప్పటికీ ‘రంగం పెట్టె’ అనే అంటారనీ, నేను చూసి వచ్చినవాణ్ణి గనుక ఆ రంగం ఎలా ఉంటుందో వివరంగా రాయమనీ అడిగావు. 2017లో ఉద్యోగం పని మీద నేను ఆ ఊళ్ళో ఎనిమిది నెలలు ఉన్న మాట నిజమే. తిరిగి వచ్చాక ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు అడిగావు కాబట్టి, ఈ ఉత్తరం పొడుగైతే ఆ తప్పు నీదే.

ముందు పేరు సంగతి. 1755లో బర్మాలో, అంటే ఇప్పటి మయన్మార్‌లో, అలౌంగ్‌పయా అనే రాజు దగోన్ అనే చిన్న ఊరిని జయించి, ఇక పోరు ముగిసిందనే అర్థంలో దానికి యాంగోన్ అని పేరు పెట్టాడు. అది ఆంగ్లేయుల నోట రంగూన్ అయింది, మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి కూలీల నోట రంగం అయింది. పోరు ముగిసిందని పేరు పెట్టుకున్న ఊరి మీదికి 1824లో ఆంగ్లేయుల యుద్ధనౌకలు వచ్చిపడ్డాయి, వాటిలో దిగిన సిపాయిల్లో మద్రాసు సైన్యం వాళ్ళు చాలామంది. 1852లో జరిగిన రెండో యుద్ధంతో ఊరు పూర్తిగా వాళ్ళ చేతికి వెళ్ళింది. పదేళ్ళ తర్వాత, 1862లో, బ్రిటిష్ బర్మాకు అదే రాజధాని అయింది.

రేవు పట్నమనగానే మన విశాఖలాగా సముద్రం ఒడ్డున ఉంటుందని నేను అనుకున్నాను. అది సముద్రానికి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు లోపల, బురద రంగు నది ఒడ్డున ఉంది. సముద్రపు ఆటుపోట్లు అంత దూరం వస్తాయి కనుక ఓడలు పోటు చూసుకుని లోపలికి రావాలి. అలా వచ్చే ఓడ మీద నిలబడ్డవాడికి ఊరి కంటే ముందు ష్వేడగోన్ పగోడా బంగారు శిఖరం కనిపిస్తుంది. గుట్ట మీద సుమారు 100 మీటర్ల ఎత్తున నిలిచిన స్తూపం అది. బుద్ధుడి తల వెంట్రుకలు ఎనిమిదింటిని ఇద్దరు వర్తక సోదరులు తెచ్చి అక్కడ నిక్షిప్తం చేయించారని వాళ్ళ ఐతిహ్యం. మీ తాతగారు కూడా డెక్కు మీద మూట పక్కన నిలబడి ముందుగా దాన్నే చూసి ఉంటారు.

ఆ పగోడా చుట్టూ ఒక్కో వారానికి ఒక్కో మూల ఉంటుంది. ఎవరు ఏ వారం పుడితే ఆ మూలకు వెళ్ళి, అక్కడున్న బుద్ధ విగ్రహం మీద నీళ్ళు పోస్తారు. వారానికి ఏడు రోజులే కదా, మూలలు ఎనిమిది ఎలా వచ్చాయని అడిగాను. బుధవారాన్ని వాళ్ళు రెండు చేశారట. ఉదయం పుట్టినవాడు బుధుడికి చెందుతాడు, మధ్యాహ్నం తర్వాత పుట్టినవాడు రాహువుకు. మొదటివాడి గుర్తు దంతాలున్న ఏనుగు, రెండోవాడిది దంతాలు లేని ఏనుగు. నువ్వు పుట్టింది బుధవారమని నాకు తెలుసు, ఏ వేళ పుట్టావో మీ అమ్మగారిని అడిగి రాయి. ఏప్రిల్‌లో వాళ్ళు నీళ్ళు చల్లుకుంటూ చేసుకునే కొత్త సంవత్సరం పండుగ పేరు తింజాన్. అది మన సంక్రాంతి మాటకు దాయాది అని తెలిశాక, నాకు ఆ ఊరి మీద పరాయితనం సగం పోయింది.

ఇక గంటల కథ చెప్పకుండా ఉండలేను. పదిహేనో శతాబ్దంలో ధమ్మజేది అనే రాజు పగోడాకు ఒక మహా గంట పోయించాడు. 1608లో ద బ్రిటో అనే పోర్చుగీసు సాహసికుడు ఆ గంటను కరిగించి ఫిరంగులు చేసుకుందామని పడవ మీదికి ఎక్కించగా, అది నదిలో మునిగిపోయింది. ఈనాటి దాకా ఎవరికీ దొరకలేదు. 1824లో మొదలైన ఆ మొదటి యుద్ధం రోజుల్లో ఆంగ్లేయులు ఇంకో గంటను తరలించబోతే అదీ నదిలోనే పడింది. చేతనైతే మీరే తీసుకోండని వాళ్ళు వదిలేస్తే, బర్మావాళ్ళు దానికి వెదురు బొంగులు కట్టి నీటి మీదికి తేల్చి, తిరిగి గుట్ట మీదికి చేర్చారు. ఆ గంట ఇప్పటికీ అక్కడ ఉంది, నేను దుడ్డుకర్రతో మూడుసార్లు కొట్టి వచ్చాను.

ఇప్పుడున్న నడి ఊరిని 1852 తర్వాత ఆంగ్లేయులు కాగితం మీద గీతలు గీసి కట్టారు. మధ్యలో సూలే పగోడా, దాని నుంచి అటూ ఇటూ చదరంగం పలకలాగా వీధులు. చిన్న వీధులకు పేర్లు పెట్టే ఓపిక లేక అంకెలు వేశారు, ఇప్పటికీ జనం 26వ వీధి, 37వ వీధి అనే చెప్పుకుంటారు. ఒక వీధిలో యూదుల ప్రార్థనా మందిరం, నాలుగడుగులు వేస్తే మసీదు, ఇంకొంచెం ముందుకు పోతే తమిళులు కట్టిన కాళికాలయం. 1931 లెక్కల నాటికి ఊరి జనాభా సుమారు నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా మన దేశంవాళ్ళే. బర్మా రాజధానిలో బర్మావాళ్ళు అల్పసంఖ్యాకులన్నమాట. ఆ కోపం వాళ్ళ మనసులో ఎందుకు పేరుకుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

రాజులను తారుమారు చేసిన తమాషా కూడా ఈ ఊళ్ళోనే చూశాను. 1858లో ఢిల్లీ చివరి పాదుషా బహదూర్ షా జఫర్‌ను ఆంగ్లేయులు ఇక్కడికి పంపేశారు. 1862 నవంబరులో ఆయన చనిపోతే గుర్తు తెలియకుండా పూడ్చిపెట్టారు, అసలు సమాధి 1991లో తవ్వకాల్లో గాని బయటపడలేదు. 1885లో బర్మా చివరి రాజు తీబాను పట్టుకుని మన దేశంలోని రత్నగిరికి పంపారు. ఇక్కడి రాజును అక్కడ, అక్కడి రాజును ఇక్కడ పాతిపెడితే ఎవరి జనానికీ సమాధి దగ్గర గుమిగూడే వీలుండదని వాళ్ళ లెక్క కాబోలు.

అసలు విషయానికి వస్తాను. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి ఐరోపా దగ్గరైంది. ఐరావతి డెల్టాలో అడవి కొట్టి వరి వేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు లోకంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం అదే. ఆ బియ్యమంతా రంగూను మిల్లుల్లో ఆడి, బస్తాలకెక్కి, మనుషుల వీపుల మీదుగా ఓడల్లోకి వెళ్ళాలి. ఆ వీపులు ఎక్కువగా మనవి. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో మేస్త్రి చేతిలో బయానా తీసుకుని, స్టీమరు డెక్కు మీద పడుకుని బయలుదేరేవారు. ఆడవాళ్ళను వెంట తీసుకెళ్ళినవాళ్ళు బహు తక్కువ. ఒక గదిలో పదుల మంది వంతుల మీద నిద్రపోయేవారు. బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది, వీధులు ఊడ్చింది, పాయిఖానాలు ఎత్తింది ఎక్కువగా తెలుగువాళ్ళే. చరిత్ర రాసినవాళ్ళు తమిళ చెట్టియార్ల వడ్డీ వ్యాపారం గురించి పేజీలకు పేజీలు రాశారు గాని, వీళ్ళను ‘కొరంగీ కూలీలు’ అనే రెండు మాటలతో సరిపెట్టారని నాకు కాస్త కష్టంగానే ఉంటుంది.

ఆ కొరంగీ అనే మాట మన కోరంగి నుంచి వచ్చిందే. కాకినాడ పక్కన ఓడలు కట్టిన ఆ రేవు 1839 తుపానులో కొట్టుకుపోయింది. ఇక్కడ రేవు పోయాక కూడా అక్కడ, కోరంగి ముఖం ఎన్నడూ చూడని సోంపేట కుర్రవాడిని సైతం కొరంగీ అనే పిలిచారు.

1930 మే నెలలో రేవు కూలీలైన మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ళ చోట బర్మావాళ్ళను పెట్టుకున్నాయి. తర్వాత మనవాళ్ళతో రాజీ కుదిరి, 26వ తేదీ పొద్దున వాళ్ళు పనిలోకి దిగుతుంటే, అప్పటిదాకా మోసిన బర్మా కూలీలను ఇక పొమ్మన్నారు. మొగుళ్ళకు అన్నం తెచ్చిన బర్మా ఆడవాళ్ళను చూసి మనవాళ్ళు నవ్వారని చెబుతారు. ఆ నవ్వు దగ్గర మొదలైన కొట్లాటలో వందకు పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. రెండు పూటల తిండి కోసం పోటీ పడిన రెండు జాతుల పేదవాళ్ళు పారలతో, కత్తులతో ఒకరినొకరు నరుక్కుంటుంటే, ఆ పోటీ పెట్టినవాళ్ళు మేడల మీద క్షేమంగా ఉన్నారు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజు తర్వాత మన కూలీలు ఊరు వదిలి నడక సాగించారు. అప్పుడు తెలిసింది ప్రభుత్వానికి, రేవులో సరుకు దించేవాడు లేడని, వీధి ఊడ్చేవాడు లేడని. బతిమాలి కొందరిని వెనక్కి తెచ్చారు, కాని ఎంతోకాలం నిలపలేకపోయారు. 1942 మార్చిలో ఊరు జపాను చేతిలోకి పోయింది. అరకాను కొండల మీదుగా, మణిపురం అడవుల మీదుగా లక్షల మంది కాలినడకన మన దేశం చేరారు. దారిలో కలరాకు, మలేరియాకు, ఆకలికి పోయినవాళ్ళ సంఖ్య వేలల్లో ఉంది. మీ తాతగారు పెట్టెతో సహా వచ్చారంటే అంతకు ముందే ఓడలో వచ్చి ఉండాలి, ఎందుకంటే ఆ కొండల మీదుగా టేకు పెట్టె మోసుకొచ్చే ప్రశ్నే లేదు.

యుద్ధం తర్వాత కొందరు తిరిగి వెళ్ళారు. 1962లో సైన్యం గద్దెనెక్కి, 1964లో దుకాణాలను సైతం జాతీయం చేసినప్పుడు వాళ్ళూ వచ్చేయవలసి వచ్చింది. మన విశాఖలోని బర్మా క్యాంపు అలా పుట్టిందే. చిన్నప్పుడు ఆ దారిన సైకిళ్ళ మీద తిరిగాం, ఆ పేరు ఎందుకు వచ్చిందని మనలో ఒక్కడూ అడగలేదు.

ఇప్పుడు ఊరు ఎలా ఉందంటావా? 2005 నవంబరులో ప్రభుత్వం ఉన్నపళాన కార్యాలయాలన్నీ లారీలకెక్కించి కొత్త రాజధాని నేపిడోకు తరలిపోయింది. రాజధాని హోదా పోయింది గాని జనం కదలలేదు, 2014 లెక్కల్లో 50 లక్షలు దాటారు. 1947 జులై 19న బర్మా స్వాతంత్ర్య నాయకుడు అంగ్ సాన్‌ను కాల్చి చంపిన ఎర్ర ఇటుకల సచివాలయం ఖాళీ అయింది. ఏటా ఆరు నెలలు కురిసే వానకు పాత మేడల గోడల నిండా నాచు పట్టి, పగుళ్ళలోంచి రావి మొక్కలు లేచాయి. ఆ మేడలకు చాలావాటికి లిఫ్టు లేదు కాబట్టి, ప్రతి బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, దాని కొసన ఒక క్లిప్పు. పేపరువాడు కింద నుంచి తాడు లాగితే పైన గంట మోగుతుంది, పేపరు పైకి పోతుంది. నేను అయిదో అంతస్తులో ఉండేవాణ్ణి. ఒకరోజు అరటిపళ్ళు అలాగే పైకి లాక్కుంటుంటే, మూడో అంతస్తు దగ్గర గెల జారి ఒక బౌద్ధ సన్యాసి పాదాల దగ్గర పడింది. ఆయన దాన్ని తీసి మళ్ళీ తాడుకు కట్టి, చిరునవ్వుతో వెళ్ళిపోయాడు.

పొద్దున్నే మొహింగా తింటారు. చేపల పులుసులో అరటి ఊచ వేసి, సన్నని బియ్యపు సేమియా మీద పోసి ఇస్తారు. మొదటి వారం నాకు రుచించలేదు, రెండో నెల నుంచి అది లేనిదే పొద్దు గడవలేదు. టీ దుకాణాల్లో పిల్లల కుర్చీలంత పొట్టి స్టూళ్ళు ఉంటాయి. బల్ల మీద చైనా టీ ఫ్లాస్కు ఉచితం, పాల టీకి మాత్రమే డబ్బు. కుర్రవాణ్ణి పిలవాలంటే ముద్దు పెట్టినట్టు పెదవులతో చప్పుడు చేయాలి. నేను ఎనిమిది నెలలూ సిగ్గుపడి చేయి ఊపుతూనే ఉన్నాను. అక్కడి పలాటా మన పరోటాయే, సమూసా మన సమోసాయే, దాన్‌బౌక్ మన దమ్ బిర్యానీయే. మనిషిని పంపేసినా వంటను అట్టిపెట్టుకున్నారు.

ఆదివారాలు ఊరు చుట్టే రైలెక్కి తిరిగేవాణ్ణి. 39 స్టేషన్లు, సుమారు 46 కిలోమీటర్లు, మూడు గంటలు. ఆకుకూరల మోపులతో, కోళ్ళ గంపలతో ఆడవాళ్ళు, బుగ్గల మీద తనాకా గంధం రాసుకున్న పిల్లలు. సాయంత్రం పాన్సొడాన్ రేవులో కూర్చునేవాణ్ణి. బస్తా మోసే కూలీకి ఒక్కో బస్తాకు ఒక్కో పుల్ల ఇచ్చేవారు, చివర పుల్లలు లెక్కపెట్టి కూలి ఇచ్చేవారు. ఇప్పుడు మోసేవాళ్ళంతా బర్మావాళ్ళే. ఒక ముసలాయన నన్ను చూసి ఏ ఊరని అడిగాడు, విశాఖ అంటే తెలియలేదు. కోరంగి అన్నాను. వెంటనే తల ఊపి, బస్తా ఎత్తుకునే మనిషిలా భుజం మీద చెయ్యి వేసి చూపించాడు.

నీకో పని చెబుతాను. ఆ పెట్టె మూత లోపలి వైపు గాని, అడుగున గాని సున్నంతోనో రంగుతోనో రాసిన అంకె ఏదైనా ఉందేమో దీపం పెట్టి చూడు. రంగూను వీధులకు అంకెలే చిరునామా అని రాశాను కదా. అంకె దొరికితే వెంటనే రాయి, నా దగ్గర ఆ ఊరి పటం ఉంది. మీ తాతగారు రేవుకు ఏ దారిన నడిచేవారో గీసి పంపిస్తాను.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ
మిత్రుడు