బెజవాడ ఎండల్లో ఆక్సోలాటల్ పెంపకమా?

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం అనుబంధంలో ఆక్సోలాటల్ అనే నీటి జీవిని ఇంట్లో పెంచుకోవడం మీద మీరు వేసిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. మా సత్యనారాయణపురంలో పిల్లలు అది కొనిపెట్టమని తల్లిదండ్రుల ప్రాణాలు తోడేస్తుంటే ఇక ఊరుకోలేక రాస్తున్నాను. పిల్లల్ని అనడానికి లేదు, 2021లో మైన్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లోకి వచ్చినప్పటి నుంచి ఆ జీవి అంటే వాళ్లకు పిచ్చి. కానీ ఇంతమంది చదివే పత్రిక "చిన్న ట్యాంకు, గుప్పెడు మేత చాలు" అని రాయవచ్చా?

అది చేప కాదు. ఉభయచరం, కప్పలకు దూరపు చుట్టం. దాని సొంత ఊరు మెక్సికో నగరంలోని షొచిమిల్కో సరస్సు. సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉన్న చోటు, చల్లటి నీళ్లు. దానికి 16 నుంచి 18 డిగ్రీల నీళ్లయితే హాయి. 24 దాటాయంటే తిండి మానేస్తుంది, జబ్బు పడుతుంది. మన ఊళ్లో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. మేడ మీది ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నం పూట చేతి మీద పోసుకుంటే చురుక్కుమంటాయి. రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఇంకా రానే లేదు. నీటి మీదికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయేమో, ఉక్కపోత రోజుల్లో అదీ ఉండదు. ఐసు ముక్కలు వేస్తే ఒక్కసారిగా చల్లబడి మళ్లీ వేడెక్కుతాయి, ఆ జీవి అది తట్టుకోలేదు. నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లర్, పెట్టాల్సిందే. దాని ఖరీదు ట్యాంకు ఖరీదుకు ఎన్నో రెట్లు, పైగా కరెంటు బిల్లు. కరెంటు పోతే ఏం చేస్తారు? మీ వ్యాసంలో చిల్లర్ అన్న మాటే లేదు.

ఆ వ్యాసం చదివాక నగరంలోని ఒక దుకాణానికి వెళ్లి చూశాను. బల్ల మీద గాజు జాడీలో ఆక్సోలాటల్, అడుగున గులాబీ రంగు గులకరాళ్లు, సరిగ్గా పైన ట్యూబులైటు. దానికి కనురెప్పలు ఉండవు, చీకటి మూల కావాలి. తలకు రెండు పక్కలా ఉండే కుచ్చు మొప్పలు ముందుకు ముడుచుకుపోయాయి. తోక కొస వంకర తిరిగింది. ఒక మొప్ప మీద దూదిలాంటి తెల్లటి బూజు. మేతతో పాటు గులకరాయి మింగితే పేగుల్లో అడ్డుపడి చచ్చిపోతుందండీ అంటే, "మీకెందుకండీ, రోజూ అమ్ముడవుతున్నాయి" అన్నాడు ఆ దుకాణదారు. కొనేవాళ్లలో ఒక్కరికీ ఈ సంగతి చెప్పడం నేను వినలేదు.

పెంచి తీరాలనుకునేవాళ్లకైనా అసలు పద్ధతి తెలియాలి కదా. ఒక్కదానికే 80 లీటర్లకు తగ్గని, పొడవాటి ట్యాంకు ఉండాలి. అడుగున సన్న ఇసుక వేయాలి, లేదా ఏమీ వేయకూడదు. నీటి విసురు పడదు కాబట్టి స్పాంజ్ ఫిల్టర్ మేలు. దాక్కోవడానికి ఓ పైపు ముక్క. కార్పొరేషన్ వదిలే కృష్ణ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ కలపకుండా పోయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నాలుగు నుంచి ఆరు వారాల పాటు జీవి లేకుండానే, కాస్త అమ్మోనియా అందిస్తూ ఫిల్టర్ నడపాలి. అప్పుడే, జీవి వ్యర్థం నుంచి పుట్టే విషమైన అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో పెరుగుతుంది. నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అయ్యాకే జీవిని వదలాలి. పొద్దున ట్యాంకు కొని, సాయంత్రానికి ఆక్సోలాటల్‌ను అందులో వేసేవాళ్లు దాని వ్యర్థంతోనే దాన్ని చంపుతున్నారు. సరిగ్గా చూసుకుంటే పదేళ్లకు పైగా బతికే జీవి అది.

ఇక అధికారుల సంగతి. 2018లో కేంద్రం పెట్ షాపులకు నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కాకుండా దుకాణం నడపకూడదు. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించాక, అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం పట్టికల్లోని విదేశీ జీవులను పెంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి. ఆక్సోలాటల్ ఆ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. నేను వెళ్లిన దుకాణంలో నమోదు కాగితం అడిగితే నా మొహం వింతగా చూశారు. తనిఖీ చేయాల్సినవాళ్లు ఎక్కడున్నారు? రోడ్డు పక్క తోపుడు బండిని అరగంటలో ఖాళీ చేయించే యంత్రాంగానికి ఈ జాడీలు కనపడవా? అక్వేరియంలో పెంచి, విసుగొచ్చాక కాలువల్లో వదిలేసిన డెవిల్ ఫిష్ అనే చేప ఇవాళ జాలర్ల వలలు చింపుతోంది. అప్పుడూ ఎవరూ పట్టించుకోలేదు.

దయచేసి వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో నీటి వేడి గురించి, చిల్లర్ గురించి, నమోదు గురించి వేయండి. వేసవి సెలవులు అయిపోయేలోపు వేయండి, ఎందుకంటే కొంటున్నది ఇప్పుడే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ