అంతరిక్ష ప్రదర్శనకు ముందు గోడ మీద నాలుగు గీతలు

తల్లిదండ్రులకు నమస్కారం.

చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన ఆగస్టు 23ను జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుకుంటున్నాం కదా. ఆ సందర్భంగా హైదరాబాద్‌లోని ఒక పరిశోధన ప్రయోగశాల పెడుతున్న అంతరిక్ష యాత్రల చరిత్ర ప్రదర్శనకు 8, 9 తరగతుల పిల్లల్ని తీసుకెళ్తున్నాం. అక్టోబర్ 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాల్లోనూ ఇలాంటివి ఉంటాయి గానీ, అవి తరచూ మన బతుకమ్మ, దసరా సెలవుల్లోనే పడతాయి.

బయలుదేరే ముందు ఇంట్లో ఒక్క పని చేయించండి. ప్రదర్శనల్లో రాకెట్ నమూనాలన్నీ ఒకే కొలతలో ఉండవు. చిన్న రాకెట్టు, పెద్ద రాకెట్టు పక్కపక్కన ఒకే ఎత్తులో కనిపిస్తాయి, పిల్లలు అదే నిజమనుకుంటారు. అందుకే సుద్దముక్కతో, నేల నుంచి కొలిచి, మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున రాకెట్ల ఎత్తులు గోడ మీద గీయించండి. 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరిన నైకీ-అపాచీ రాకెట్ 8 సెంటీమీటర్లు. ఉపగ్రహాలు పంపడానికి మన దేశం తయారుచేసిన రాకెట్లలో ఎస్ఎల్‌వీ-3 22, పీఎస్ఎల్‌వీ 44. మనుషుల్ని చంద్రుడి దగ్గరికి మోసిన శాటర్న్-5 ఏకంగా 110. పక్కనే మీ బిడ్డను కూడా గీయమనండి: ఒకటిన్నర సెంటీమీటరు! ఇంకో లెక్క కూడా చెప్పండి. ఎస్ఎల్‌వీ-3 బరువు 17 టన్నులు, 1980 జులై 18న అది కక్ష్యలో పెట్టిన రోహిణి ఉపగ్రహం 35 కిలోలు.

"పైకి పోయింది ఇదేనా?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఉపగ్రహాల విషయంలో దాదాపు ఎప్పుడూ కాదు. కక్ష్యలోకి వెళ్లింది అక్కడే ఉంటుంది, లేదా తిరిగి వస్తూ గాలి రాపిడికి కాలిపోతుంది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద వెళ్లిన మన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట 1992లో అలాగే ముగిసింది. హాల్లో ఉండేది నమూనా. దాని ముఖాలు లెక్కపెట్టమనండి, 26 రావాలి. ఒకవైపే నిలబడితే రావు, చుట్టూ తిరగాలి. విద్యుత్ సరఫరా దెబ్బతిని అందులోని శాస్త్ర ప్రయోగాలు కొద్ది రోజులకే ఆగిపోయాయన్న సంగతి చాలా బోర్డుల మీద కనిపించదు.

ఎస్ఎల్‌వీ-3 కూడా 1979 ఆగస్టు 10న మొదటిసారి బంగాళాఖాతంలో పడింది. రెండో అంచెను (రాకెట్‌లో ఒకదాని తర్వాత ఒకటి మండే భాగాల్లో రెండోదాన్ని) అదుపులో ఉంచే వ్యవస్థలో ఒక వాల్వు మొరాయించడమే కారణం. లోపం ఎక్కడుందో పట్టుకుని 11 నెలల్లో మళ్లీ ఎగరేశారు. పిల్లలు ఆ రాకెట్ ముందు నిలబడినప్పుడు రెండో అంచె ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి చూపించగలగాలి.

ఎడ్లబండి మీద ఇస్రో వాళ్ల యాపిల్ ఉపగ్రహం ఉన్న ఫొటో మీరూ చూసే ఉంటారు. అది పేదరికానికి గుర్తని చాలామంది పిల్లలకు చెబుతున్నారు, దయచేసి అలా చెప్పకండి. యాంటెన్నా పరీక్షకు లోహపు వాహనం అడ్డొస్తుంది కాబట్టి కావాలనే కర్రబండి ఎంచుకున్నారు.

హాల్లో మనకు రెండు గంటలు. మొదటి 20 నిమిషాలు ఊరికే తిరిగి చూస్తారు. తర్వాత ఎనిమిదేసి మంది జట్లుగా ఏదైనా ఒక్క వస్తువు దగ్గర నిలబడి పావుగంట బొమ్మ గీస్తారు. బోర్డుల మీది రాత మొత్తం ఎక్కించుకునే పిల్లలకు వస్తువును చూసే తీరిక ఉండదు.

ఫోను, స్మార్ట్ వాచ్, పెన్‌డ్రైవ్ పంపొద్దు, గేటు దగ్గరే ఆపేస్తారు. తోడు వచ్చే పెద్దలు ఆధార్ కార్డు తెచ్చుకోవాలి. గీతల్లేని నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు చాలు. బస్సు హనుమకొండ నుంచి పొద్దున 5.30కి కదులుతుంది. భోజనం ఒంటిగంటకు. ఈ ఉక్కలో పెరుగన్నం అప్పటికే పులిసిపోతుంది, పులిహోర గానీ సర్వపిండి గానీ కట్టివ్వండి. బస్సులో కడుపు తిప్పే పిల్లలుంటే శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు చెప్పండి, ముందు సీట్లు వాళ్లకే ఉంచుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు