మా జిల్లాకు ఒకే ఫొటోనా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

గత నెల ఒక దినపత్రికలో తాగునీటి మీద వచ్చిన కథనం పక్కన, కాళ్లు వంకర తిరిగి గోడకు ఆనుకొని కూర్చున్న ఒక బాలుడి ఫొటో వేశారు. కింద "నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ బాధితుడు" అని మాత్రమే రాశారు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు అది. ఆ ఫొటో తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. అప్పుడు నేను మర్రిగూడ మండలంలోని ఒక ఊరి బడిలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఆ బాలుడు నా విద్యార్థి. అది జరిగి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడతను అదే ఊళ్లో కిరాణా దుకాణం నడుపుకుంటున్నాడు, పెళ్లయింది, బడికి పోయే కూతురుంది. ఆ కథనం వచ్చిన రోజు సాయంత్రం అతను నాకు ఫోన్ చేసి, "సార్, మళ్ల నా ఫొటో ఏసిండ్రు. మా బిడ్డ చూసి, నాయినా గిది నువ్వేనా అని అడుగుతుంది. ఏం చెప్పాలె?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. అది పత్రికలను అడగవలసిన ప్రశ్న అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఆ ఫొటోల వల్ల మాకు మేలే జరగలేదని నేను అనడం లేదు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను పత్రికలు, టీవీలు చూపించకపోయి ఉంటే, మా ఊళ్లకు ఈపాటికైనా కృష్ణా నీళ్లు వచ్చేవని నేను నమ్మను. నాగార్జునసాగర్ నీళ్లు మా జిల్లా మీదుగానే పైపుల్లో హైదరాబాదుకు పోతుంటే, ఆ పైపుల పక్క ఊళ్లవాళ్లు బిందెలు పట్టుకొని బోరు దగ్గర నిలబడిన కాలం అది. అయితే ఒక బాధ వార్త కావడానికి ఏం చేయవలసి వస్తుందో, వార్త అయ్యాక దానిలో ఏం మిగులుతుందో ఈ జిల్లాకు తెలిసినంతగా మరొక జిల్లాకు తెలియదేమో.

1996 లోక్‌సభ ఎన్నికలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. మా నీళ్ల గోస దేశానికి తెలియాలని, ఇక్కడ నీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపునిస్తే వందల మంది నామినేషన్లు వేశారు. చివరికి నల్లగొండలో 480 మంది పోటీలో నిలిచారు. పోలింగు వాయిదా వేసి, బ్యాలెట్‌ను పుస్తకంలాగా అచ్చు వేయవలసి వచ్చింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. పదవీ విరమణ తరువాత నేను కొన్నాళ్లు పోటీ పరీక్షల విద్యార్థులకు పాఠాలు చెప్పాను. అత్యధిక అభ్యర్థులు పోటీ చేసిన లోక్‌సభ స్థానం ఏదని అడిగితే "నల్లగొండ, 480" అని తడుముకోకుండా చెప్పేవారు. అంతమంది ఎందుకు నిలబడ్డారని అడిగితే తరగతిలో ఒక్క చెయ్యి కూడా లేచేది కాదు, వాళ్లలో సగం మంది ఈ జిల్లా పిల్లలే అయినా. బ్యాలెట్ ఎంత లావుగా ఉందన్నది అంత పెద్ద వార్త అయింది. నీళ్ల మాట అందులో మరుగున పడింది.

ఫొటో విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అందులో ఒక పొరపాటు దాగి ఉంది. ఫ్లోరైడ్ ఎముకలను పాడుచేయడానికి ఏళ్లు పడుతుంది, ఒకసారి వంగిన ఎముక మంచినీళ్లు తాగినంత మాత్రాన తిరిగి నిటారు కాదు. కాబట్టి ఈ రోజు మనం చూసే వంగిన నడుము చాలాకాలం కిందటి నీళ్లకు సాక్ష్యమే గాని, ఇప్పటి నల్లా నీళ్లకు సాక్ష్యం కాదు. ఇప్పటి నీళ్ల సంగతి తెలియాలంటే నీటిని పరీక్షించాలి, లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో రాయాలి. పాలుతాగే వయసు నుంచి మంచినీళ్లతో పెరిగిన పిల్లల పళ్లు చూడాలి. 2015లో చౌటుప్పల్‌లో, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ వేసిన తరువాత పుట్టిన పిల్లలు ఇప్పుడు బడుల్లోనే ఉన్నారు. నాకు తెలిసిన ఊళ్లలో, సరఫరా ఆగిన రోజుల్లో మళ్లీ బోరు దగ్గరికి పోయే ఇళ్లు కూడా ఉన్నాయి. ఈ రెండు సంగతులూ వార్తలే. పాత ఫొటో మాత్రం రెంటినీ కప్పేస్తుంది: బాగుపడిన చోట బాగుపడలేదని చెబుతుంది, లోపం ఉన్న చోట దాన్ని చూడనీయదు.

దాని ఫలితం జనం మాటల్లో వినిపిస్తుంది. మా ఊరి అమ్మాయి ఒకామె హైదరాబాదులో ఇంటర్ చదవడానికి హాస్టల్లో చేరితే, తోటి పిల్లలు మొదట అడిగిందే పళ్లు చూపించమని. పెళ్లి సంబంధాలు కుదిరినట్టే కుదిరి, ఊరి పేరు చెప్పగానే ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. ఫ్లోరైడ్ జబ్బు అంటుకునేది కాదు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది కాదు. ఈ ఒక్క వాక్యం ఆ ఫొటోల కింద ఎన్నిసార్లు అచ్చయిందో పత్రికలవారే పాత సంచికలు తిరగేసి చూసుకోవాలి. నీటిలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే విధానానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ పెట్టిన పేరు "నల్లగొండ పద్ధతి". ఇథియోపియా, టాంజానియాల్లో కూడా దాన్ని వాడారు. ఆ సంగతి మా జిల్లా పిల్లల్లోనే ఎక్కువమందికి తెలియదు.

జిల్లా పేజీల గురించి కూడా చెప్పాలి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. మా ఊరి బోరు, మా ఊరి బడి మొదటిసారి అచ్చులో కనిపించాయి. అది చిన్న మేలు కాదు. కాని ఆ వార్త ఆ పేజీ దాటి పోదు. మర్రిగూడ కష్టం మర్రిగూడవాళ్లే చదువుకోవాలి. 2016లో జిల్లాలు విడిపోయాక ఆ గోడ ఇంకా దగ్గరకు జరిగింది: ఒకే మునుగోడు నియోజకవర్గంలో ఉన్న చౌటుప్పల్ వార్తలు యాదాద్రి భువనగిరి పేజీలో, మర్రిగూడ వార్తలు నల్లగొండ పేజీలో వస్తున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన వార్త ఆ జిల్లా పేజీలోనే ఆగిపోయి ఉంటే, మరుసటి ఏడాది రాష్ట్రంలో సారా నిషేధం వచ్చేదా? మా ఊళ్లు ప్రధాన సంచికలోకి ఎక్కేది ఉప ఎన్నిక వస్తేనే. 2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నికప్పుడు టీవీల వాళ్లు ఊరూరా తిరిగారు. ఫలితం వచ్చాక నీళ్ల సంగతి అడగడానికి ఎవరూ తిరిగి రాలేదు.

పాలమూరుకు "వలసల జిల్లా" అన్న ముద్ర కూడా ఇలా పడిందే. అదే పాలమూరు మట్టిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు ఆయన తిట్టుకు తిట్టుతో బదులివ్వలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. పాత ముద్రను పత్రిక ఎలా చెరపగలదో ఈ నేల మీద ఒకసారి జరిగి చూపించింది కాబట్టే నేను ఆశతో అడుగుతున్నాను.

ఇకమీద బాధితుల ఫొటో వేసేటప్పుడు అది తీసిన సంవత్సరం కింద రాయండి. ఆ మనిషి బతికి ఉంటే మరొకసారి అడిగి వేయండి; చిన్నప్పుడు తీసిన ఫొటోకు అప్పుడు ఒప్పుకున్నది తల్లిదండ్రులే తప్ప అతను కాదు. నీళ్ల మీద రాసేటప్పుడు ఆ ఊరి నీటి పరీక్ష అంకె ఇవ్వండి. ఏడాదికి ఒకసారైనా అవే ఊళ్లకు తిరిగి వెళ్లి, ఏం మారిందో ఏం మారలేదో ప్రధాన సంచికలో రాయండి. మీ విలేకరి వస్తానంటే నేను వెంట వస్తాను. ముందుగా ఆ కిరాణా దుకాణానికి తీసుకెళ్తాను. ఫొటో తీయాలా వద్దా అన్నది ఈసారి అతన్నే అడగండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.