రాతి మీద ఆట

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. దక్షిణ కొరియాలోని యాంగ్గులో, చిత్రకారుడు పార్క్ సూగన్ పేరిట ఉన్న చిత్రశాలకు వెళ్ళి నువ్వు పంపిన బొమ్మకార్డు మొన్న అందింది. గుండ్రంగా గొంతుకూర్చుని గోంగి అనే రాళ్ళ ఆట ఆడుకుంటున్న ఆడపిల్లలను ఆయన గీసిన తైలవర్ణ చిత్రమది. వెనుక నువ్వు రాసింది ఒక్క వాక్యమే: "అమ్మా, ఇవి మన అచ్చనగాయలే." నిజమే. ఐదు రాళ్ళు, ఒకటి పైకి ఎగరేసి అది కింద పడేలోగా నేల మీదివి ముందు ఒక్కొక్కటిగా, తర్వాత రెండేసి ఏరుకోవడం, చివరకు అన్నిటినీ ఎగరేసి వెనుక చేతి మీద నిలపడం. చిన్ననాడు మా వీధి అరుగు మీద నేను ఆడిన ఆటను అంత దూరాన ఒక చిత్రకారుడు గీశాడని తెలిసి ఆ కార్డును ఎన్నిసార్లు తిప్పి చూశానో లెక్కలేదు.

ముప్పయ్యేళ్ళు బడిలో డ్రాయింగు చెప్పినదాన్ని కనుక ముందు నా కన్ను రంగు మీదికే పోయింది. తైలవర్ణమనగానే మనకు రవివర్మ చీరల జరీ మెరుపు గుర్తుకు వస్తుంది. ఇక్కడ మెరుపన్నదే లేదు. పార్క్ సూగన్ ఒక పూత వేసి, దాన్ని ఆరనిచ్చి, దాని మీద మరొకటి, మళ్ళీ ఇంకొకటి వేస్తూ, బూడిద రంగూ మట్టి రంగూ కలిసి గ్రానైటు రాతి పలకలా గరుకు తేలేవరకు ఓపిక పట్టి, ఆ తర్వాతే ముదురు గీతలతో మనుషులను అందులో నిలిపేవాడు. తమ పూర్వుల రాతి గోపురాలలోనూ రాతి బుద్ధ విగ్రహాలలోనూ తనకు చెప్పలేని అందం కనిపిస్తుందని, దాన్నే చిత్రంలోకి తేవాలని తన ప్రయత్నమని ఆయన చెప్పుకున్నాడు. అంటే, దేవుణ్ణి చెక్కే రాతిని ఆయన వీధిలో ఆడుకునే పిల్లలకు ఇచ్చాడు. నాకు ఈ చిత్రంలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే అనిపిస్తోంది.

ఇలా గీసినవాడు ఏ కళాశాలలోనూ చదవలేదు. 1914లో ఆ యాంగ్గులోనే పుట్టి, ఇల్లు చితికిపోయి ప్రాథమిక బడితోనే చదువు ఆగిపోతే, తనంతట తానే నేర్చుకున్నాడు. కొరియా యుద్ధంలో కొంతకాలం భార్యాపిల్లలకు దూరమై, తర్వాత అమెరికా సైనికుల దుకాణంలో వాళ్ళకు ముఖచిత్రాలు గీసిపెట్టి ఇల్లు నడిపాడు. సియోల్‌లోని ఛాంగ్‌సిన్‌డాంగ్ ఇంట్లో ఆయనకు వేరే గది లేదు. వసారా లాంటి చెక్క నేల మీదే కూర్చుని గీసేవాడు, వీధిలో పిల్లలు ఆడుకునేవారు. పుస్తకాలు కొనలేక తన పిల్లలకు తానే కథల పుస్తకాలు బొమ్మలతో సహా తయారు చేసి ఇచ్చిన తండ్రి ఆయన. 1963లో శుక్లాల చికిత్స ఫలించక ఎడమ కన్ను పోయినా కుంచె వదలలేదు. 1965లో వెళ్ళిపోయేనాటికి ఆయనకు 51 ఏళ్ళు.

ఆ పిల్లల ముఖాలలో పెద్దగా వివరాలు లేకపోవడం నువ్వు గమనించే ఉంటావు. అందుకే చూపు వంగిన వీపుల మీదికీ, ముందుకు చాచిన చేతుల మీదికీ పోతుంది. వెనుక ఇల్లు లేదు, చెట్టు లేదు, లేచి రమ్మని కేకేసే పెద్దవాళ్ళు అసలే లేరు. ఆయన గీసిన మరికొన్ని చిత్రాలలో చంటివాణ్ణి వీపున కట్టుకుని నిలబడ్డ ఆడపిల్ల ఉంటుంది. నేనూ మీ చిన్నమామయ్యను చంకన వేసుకునే అరుగు దగ్గరికి పోయేదాన్ని. నా వంతు వచ్చినప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టి, వాడు రాయి నోట్లో పెట్టుకోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆడేదాన్ని.

బుజ్జీ, ఆ చిత్రం ముందు నాకు ఒక బాధ కలిగింది, నీకు చెప్పకుండా ఉండలేను. నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఎదురింటి పిల్లలతో గచ్చకాయలు ఆడుతుంటే, ట్యూషను వేళయిందని వచ్చి, నీ చేతిలోవి లాక్కుని కాలువలో పారేశాను. నువ్వు ఏడవలేదు, లేచి లంగా దులుపుకుని నా వెంట వచ్చావు. బడిలో పిల్లలకు చూసి గీయడం నేర్పినదాన్ని, ఆ రోజు నీ ఆటను చూడలేకపోయాను. రేపటి బియ్యానికి డబ్బు వెతుక్కోవలసిన మనిషి, పిల్లల ఆట ముందు ఆగి, పూత మీద పూత ఆరేదాకా దాన్ని చూస్తూ ఉండగలిగాడు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు అక్కడి దుకాణాలలో అమ్మే రంగురంగుల ప్లాస్టిక్ గోంగి గింజలు ఒక ఐదు తీసుకురా. కంచె మీది గచ్చకాయలు కోయించి, గింజలు తీసి ఎండబెట్టి ఉంచాను. ముందు వాటితో ఆడదాం. మొదటి వంతు నీదే.

మీ అమ్మ